క్లాసు గడప దాటితే కాపీరైటే: పాఠకుల ప్రశ్నలు, వకీలు జవాబులు

కాలేజీలు తెరిచే రోజులు కదా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ చదువుల గొడవలే. ఇంటి అద్దెలు, వీలునామాలు, అన్నదమ్ముల వాటాలు వచ్చే నెలకి వాయిదా వేశాను. ద్వారకానగర్‌లో మా ఆఫీసు మేడ మీద, కింద షట్టర్లో జిరాక్సు షాపు. సాయంత్రం నాలుగు దాటిందంటే మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. కుర్రాళ్లు పీడీఎఫ్‌లు షాపు ఫోనుకి వాట్సాప్ చెయ్యడం, ‘అన్నా, బ్యాక్ టు బ్యాక్, స్పైరల్ వేసెయ్’ అని కేకలు, మెషీను వేడెక్కి ఆగిపోతే నిట్టూర్పులు. అందుకని ఈ కాపీరైటు వ్యవహారం నాకు చట్టం పుస్తకంలోంచి ఎంత తెలుసో ఆ మెట్ల మీద అంత తెలుసు. వకాల్తాలోకి రాకముందు కాలేజీ లైబ్రరీలో పనిచేశాను కూడా. నేను చూసినంతలో మన మాస్టార్లూ పిల్లలూ భయపడక్కర్లేని చోట భయపడతారు, భయపడాల్సిన చోట ధీమాగా ఉంటారు. క్లాసు లోపల చట్టం చెయ్యి చాలా పెద్దది. గడప దాటి బయటికొస్తే మాత్రం అదే చట్టం మొహం మారిపోతుంది. ఈ ఉత్తరాలు దానికి సాక్ష్యం.

ప్రశ్న: లాయరు గారూ, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్లు ఫిజిక్స్ చెప్పాను. సెలవల్లో ఇంట్లో కూర్చుని ఇంటర్ రెండేళ్లకీ నోట్సు రాశాను. కాలేజీ వాళ్లు దాన్ని తమ లోగోతో అచ్చేసి పిల్లలకిచ్చారు. మొన్న మార్చిలో మానేసి యూట్యూబ్‌లో పాఠాలు మొదలుపెట్టాను. ఇప్పుడు ‘ఆ నోట్సు మాది, వీడియోలన్నీ తీసెయ్యండి’ అని నోటీసు పంపారు. రాసింది నేను, వాళ్లదెలా అవుతుందండీ? రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఫిజిక్స్ లెక్చరర్, మద్దిలపాలెం

జవాబు: మేడం, చేదు మాట ముందు చెప్పేస్తాను. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏదైనా రాసినవారే దాని మొదటి హక్కుదారు. కానీ జీతం మీద ఉద్యోగంలో ఉండి, ఆ ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, హక్కు యజమానిదే. ‘నోట్సు తయారుచెయ్యండి’ అని కాలేజీ పురమాయిస్తే, మీరు రాసిస్తే, అది కాలేజీదే. కష్టం ఎవరిదన్నది అక్కడ లెక్కలోకి రాదు.

అయితే ‘ఉద్యోగంలో భాగంగా’ అన్న దగ్గరే మీ కేసంతా ఉంది. బీరువాలోంచి అపాయింట్‌మెంట్ ఆర్డరు తీయండి. మీ పని పాఠం చెప్పడం, పేపర్లు దిద్దడం అనే ఉందా, స్టడీ మెటీరియల్ రాయడం కూడా ఉందా? ఇంగ్లండులో 1952లో ఇలాంటిదే ఒక కేసు జరిగింది, స్టీవెన్సన్ జోర్డన్ కేసంటారు. కంపెనీ ఉద్యోగి ఒకాయన పుస్తకం రాశాడు. అందులో కొంత భాగం ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు, కొంత భాగం కంపెనీ అప్పగించిన పనికోసం రాసింది. ఉపన్యాసాలు ఆయనవి, అప్పగించిన పనికోసం రాసింది కంపెనీది అని కోర్టు విడదీసింది. ఆ ఉపన్యాసాల కోసం కంపెనీ ఖర్చులు పెట్టుకున్నా సరే, అవి రాసివ్వడం ఆయన ఉద్యోగ ధర్మం కాదన్నారు. మన కోర్టుల్లో ఇది శాసనం కాదు, కానీ వాదనకి బలం.

కాలేజీ అచ్చేస్తుంటే మీరు ఊరుకున్నారు కదా, దానివల్ల హక్కు పోదా అని మీ ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో అడిగారు. పోదు. వాడుకోమని ఊరుకోవడం వేరు, హక్కు రాసిచ్చెయ్యడం వేరు. హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ కింద కాగితం ఉండాలి, దానిమీద మీ సంతకం ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే చెల్లుతుంది. చేరినప్పుడు బొత్తిగా చదవకుండా సంతకాలు పెట్టిన కాగితాల్లో అలాంటిదేమైనా ఉందేమో చూడండి. నాకు తెలిసి మన లెక్చరర్లు సెల్‌ఫోన్ వారంటీ కార్డు చదివినంత శ్రద్ధగా కూడా అపాయింట్‌మెంట్ ఆర్డరు చదవరు.

సరే, నోట్సు వాళ్లదేనని తేలిందనుకుందాం, చెడ్డగా చెడితే. అప్పుడు కూడా ఫిజిక్స్ వాళ్లది కాదు. కాపీరైటు రాసిన తీరుకే గాని, అందులో ఉన్న విషయానికి ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. న్యూటన్ సూత్రాలు, లెన్స్ ఫార్ములా, కిర్కాఫ్ నియమాలు ఎవరి తాతల సొత్తూ కాదు. అదే డెరివేషన్ మీరు మళ్లీ మీ మాటల్లో బోర్డు మీద రాయండి, కొత్త లెక్కలు కట్టండి, బొమ్మలు కొత్తగా గీయండి. ఆపేవాళ్లు లేరు. కాలేజీ లోగో ఉన్న పాత పేజీల్ని కెమెరాకి చూపిస్తూ చెప్పిన వీడియోలేమైనా ఉంటే మాత్రం కేసు తేలేదాకా పక్కన పెట్టండి. ‘అన్నీ తీసెయ్యండి’ అని నోటీసులో రాయడం మా వృత్తిలో అలవాటు. అడిగితే పోయేదేముంది అని రాస్తాం.

ఇంకో కేసు చెబితే మీకు నిద్ర పడుతుంది. కేరళలో టామ్స్ అనే కార్టూనిస్టు బోబన్, మోళీ అనే పిల్లల బొమ్మలు ఏళ్ల తరబడి మలయాళ మనోరమ వారపత్రికలో వేశాడు. ఉద్యోగం వదిలి వేరే పత్రికకి వేస్తానంటే పాత యాజమాన్యం కోర్టుకెక్కింది. ఉద్యోగంలో ఉండగా వేసిన కార్టూన్ల సంగతెలా ఉన్నా, మానేశాక ఆ పిల్లల్ని పెట్టి కొత్త కార్టూన్లు వేసుకోకుండా ఆపలేరని కేరళ హైకోర్టు చెప్పింది. బోబన్, మోళీ ఆయన ఉద్యోగంలో చేరకముందే పుట్టిన పిల్లలు కావడం ఆయనకి కలిసొచ్చింది. మీకూ చేరకముందు రాసుకున్న నోట్సు ఉంటే, పాత రూళ్ల పుస్తకాల్లో మీ చేతిరాత ఉంటే, జాగ్రత్త చెయ్యండి. పాతపేపర్ల వాడికి వేసెయ్యకండి.

‘మానేశాక రెండేళ్లు మరెక్కడా ఫిజిక్స్ చెప్పకూడదు’ అనే షరతు కూడా ఆర్డర్లో ఉందన్నారు. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలబడదు. మనిషి తిండి తినే వృత్తిని ఒప్పందంతో ఆపడాన్ని మన చట్టం ఒప్పుకోదు. నోటీసుకి మాత్రం లాయరు ద్వారా జవాబివ్వండి. ప్రిన్సిపాల్ గారితో పాత చనువుకొద్దీ ‘సరే సార్, మీదేలెండి’ అని వాట్సాప్‌లో ఒక్క ముక్క కూడా పెట్టకండి. రేపు అదే ప్రింటు తీసి కోర్టులో పెడతారు.

ప్రశ్న: నేను గంటకింత అని గెస్ట్ ఫ్యాకల్టీగా వెళ్తాను. బయట కాలేజీలకి ప్రశ్నపత్రాలు కూడా తయారుచేసిస్తాను. పై సమస్య నాకూ వస్తుందా?
– కామర్స్ అధ్యాపకుడు, అనకాపల్లి

జవాబు: (వీరి ఉత్తరం పై మేడం గారి ఉత్తరం కన్నా ముందే వచ్చింది. నేనే ‘పై సమస్య’ అని మార్చాను, క్షమించాలి.) మీది ఇంకా మంచి స్థితి మాస్టారూ. మీరు ఉద్యోగి కాదు, పనికి పిలిపించుకున్నవారు. 1916లో లండన్ యూనివర్సిటీ ప్రశ్నపత్రాల కేసులో, పేపర్ సెట్ చేసిన ఎగ్జామినర్లు యూనివర్సిటీ ఉద్యోగులు కారు కాబట్టి హక్కు వాళ్లదేనన్నారు. ప్రశ్నపత్రానికీ కాపీరైటు ఉంటుందన్నది కూడా ఆ కేసులోనే తేలింది. రెమ్యూనరేషన్ బిల్లుతో పాటు మీచేత సంతకం పెట్టించుకునే డిక్లరేషన్ ఒకటుంటుంది చూడండి, మీ హక్కు చాలాసార్లు అక్కడే వెళ్లిపోతుంది. చదివి పెట్టండి.

ప్రశ్న: అమ్మా, మాది డిగ్రీ కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపు. పిల్లలు పుస్తకాల్లో పేజీలు తెస్తారు, తీసిస్తాను. సార్లు కూడా ‘ఈ నాలుగు చాప్టర్లూ తీసి ఉంచు, పిల్లలొస్తే ఇవ్వు’ అంటారు. మొన్న పుస్తకాల కంపెనీ మనిషినని ఒకాయన వచ్చి కేసు పెట్టి లోపలేయిస్తానన్నాడు. షాపు మూసెయ్యాలా?
– జిరాక్సు షాపు యజమాని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మూయక్కర్లేదు బాబూ. మీలాంటి షాపు మీద దేశం మొత్తం చూసిన కేసు ఒకటి నడిచింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీస్ అని చిన్న షాపు. ప్రొఫెసర్లు సిలబస్ ప్రకారం ఈ పుస్తకంలో ఒక చాప్టరు, ఆ పుస్తకంలో ఒక చాప్టరు చెబితే, అవన్నీ కలిపి బైండు చేసి పిల్లలకి అమ్మేవారు. ‘కోర్స్ ప్యాక్’ అంటారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్సులు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఆ షాపు మీద, యూనివర్సిటీ మీద దావా వేశాయి. మూడూ ప్రపంచంలోనే పెద్ద ప్రచురణ సంస్థలు, ఎదుట జిరాక్సు మెషీను. ఆ పుస్తకాలు రాసిన ప్రొఫెసర్లలోనే చాలామంది ‘మా పేరు చెప్పి పిల్లల మీద కేసులేంటి’ అన్నారు. అమర్త్య సేన్ కూడా దావా వద్దని ప్రచురణకర్తలకి రాశారు.

2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. కాపీరైటు దేవుడిచ్చిన హక్కేమీ కాదు, చట్టం ఇచ్చింది, చట్టమే హద్దు పెట్టింది అన్నారు. ఆ హద్దు 52వ సెక్షన్. టీచరు గాని విద్యార్థి గాని బోధనలో భాగంగా చేసుకునే కాపీ ఉల్లంఘన కాదని అందులో ఉంది. డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి కూడా అదే దారిలో వెళ్లింది. బోధన అంటే గంట కొట్టాక మాస్టారు క్లాసులో చెప్పే ముక్క ఒక్కటే కాదు, సెమిస్టరు పొడుగునా చదువుకోడానికిచ్చే మెటీరియల్ కూడా బోధనే. ఇన్ని పేజీలే అని లెక్క లేదు, బోధనకి ఎంత అవసరమో అంత. టీచరు స్వయంగా మెషీను దగ్గర నిలబడాలనీ లేదు, షాపువాడు తీసిచ్చినా ఫర్వాలేదు. ఆ కోర్స్ ప్యాకుల్లో పెట్టినవన్నీ నిజంగా బోధనకి అవసరమా అన్నది విచారించమని కేసుని తిరిగి ఒక్క జడ్జి బెంచికి పంపితే, 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత వేరే సంస్థ వేసిన అప్పీలు సుప్రీంకోర్టు వినలేదు.

ఇప్పుడు లాయరు పేచీ ఒకటి. అది ఢిల్లీ హైకోర్టు తీర్పు. మన రాష్ట్రంలో కోర్టులు దానికి గౌరవం ఇస్తాయి, కట్టుబడి తీరాలని లేదు. సుప్రీంకోర్టు అప్పీలు వినలేదంటే ఆ తీర్పుకి ముద్ర వేసినట్టు కూడా కాదు. కాబట్టి గోడకి ఫ్రేము కట్టి తగిలించేంత ధైర్యం వద్దు.

మీ షాపులో ఏది గడప లోపల, ఏది బయట? విద్యార్థి ఒక చాప్టరు తెచ్చి తనకోసం తీయించుకున్నాడు, లోపల. మాస్టారు సిలబస్ ప్రకారం నాలుగు పుస్తకాల్లోంచి భాగాలు ఎంచి క్లాసుకి తీయించారు, లోపలే. మాస్టారి చేత చిన్న చీటీ రాయించుకుని ఉంచుకోండి. కోర్సు పేరు, ఏ పుస్తకం, ఏ పేజీలు, సంతకం. అంతే, స్టాంపు పేపరు అక్కర్లేదు. మాస్టారు నవ్వితే నా పేరు చెప్పండి.

మరి ఆ మూల రాక్‌లో, సీజనుకి ముందే పదులకొద్దీ తీసి స్పైరల్ వేసి పెట్టే పూర్తి పుస్తకాల సంగతి? మీరు రాయలేదు గాని మా కింది షాపులో నేను రోజూ చూస్తున్నాను. మార్కెట్లో దొరికే పుస్తకం, అట్టతో సహా కలర్ ప్రింటు, సగం రేటు. దానికి ఏ టీచరు క్లాజూ అడ్డురాదు. అది వ్యాపారం. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఇది పోలీసులు వారంటు లేకుండా పట్టుకోదగ్గ నేరమేనని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సై స్థాయి అధికారి వచ్చి కాపీలూ, వాటిని తీసిన మెషీనూ పట్టుకుపోవచ్చు. కోచింగ్ సెంటర్ల మెటీరియల్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అందులో సగం వాళ్లే ఎక్కడో ఎత్తి రాసిందైనా సరే, ఆ మాట మీకు రక్షణ కాదు.

వచ్చినాయన్ని ఏ కంపెనీ, అధికారపత్రం ఏదీ అని అడగండి. చూపించకుండా డబ్బు అడిగితే అది కాపీరైటు కాదు, వేరే పద్దు. పోలీసుల దగ్గరికి మీరే వెళ్లొచ్చు.

ఒక ముక్క లైబ్రరీల గురించి. అచ్చు ఆగిపోయి, దేశంలో ఎక్కడా అమ్మకానికి దొరకని పుస్తకానికి గ్రంథాలయం తన వాడకం కోసం మూడు కాపీలదాకా తీసుకోవచ్చు. ఇది తెలియక అట్టలూడి పోయిన పుస్తకాన్ని ‘జిరాక్సు నిషిద్ధం’ అని బీరువాలో పెట్టి చెదలకి అప్పగించే లైబ్రరీలు చాలా చూశాను.

ప్రశ్న: పీహెచ్‌డీ థీసిస్‌లో పది శాతం దాకా కాపీ కొట్టొచ్చని చట్టంలో ఉందట, నిజమేనా? జర్నల్ పేపర్లు కొనలేక దొంగ సైట్లలో దించుకుంటున్నాం, అది నేరమా?
– పరిశోధక విద్యార్థి, పెదవాల్తేరు

జవాబు: కాపీరైటు చట్టంలో ఏ శాతమూ లేదు. ఈ పది శాతం వచ్చింది యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లోంచి. అవి చౌర్యం గురించి, అంటే ఎవరిదో తీసుకుని పేరు చెప్పకపోవడం గురించి. థీసిస్ ఇంకొకరి రాతతో పది శాతం దాకా కలిస్తే శిక్ష లేదు. పది నుంచి నలభై దాకా అయితే ఆరు నెలల్లోగా సరిచేసి మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చెప్పి ఉదహరించింది ఈ లెక్కలోకి రాదు. పేరు చెప్పి మరీ వేరేవాళ్ల పుస్తకంలో సగం దించేస్తే చౌర్యం కాకపోవచ్చు గాని కాపీరైటు ఉల్లంఘన అవుతుంది. గురజాడ వాక్యం పేరు చెప్పకుండా రాసుకుంటే కాపీరైటు గొడవ లేదు, చౌర్యం అవుతుంది. చౌర్యం పట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో తొమ్మిది శాతం వచ్చిందని మిఠాయి పంచుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక దొంగ సైట్లు. వాటిమీద ఢిల్లీ హైకోర్టులో పెద్ద ప్రచురణ సంస్థలు 2020లో కేసు వేశాయి. మీరు అంతదూరం పోనక్కర్లేదు. కేంద్రం 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని మూడేళ్లకి ఆరు వేల కోట్లతో ఆమోదించింది. ముప్ఫై అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పదమూడు వేల దాకా జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుతాయి. మీ యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి లాగిన్ అడగండి. పరిశోధక విద్యార్థులు లైబ్రరియన్‌ని ఒక్కసారి పలకరిస్తే తీరిపోయే కష్టాలు సగం ఉంటాయి. పాత ఉద్యోగం మీద మమకారం కొద్దీ అంటున్నాననుకున్నా సరే.

ప్రశ్న: మా స్కూలు వార్షికోత్సవంలో పిల్లలచేత కన్యాశుల్కంలో ఒక రంగం, శ్రీశ్రీ గేయం ఒకటి, రెండు సినిమా పాటలకి డాన్సులు వేయిస్తున్నాం. సావనీర్‌లో శ్రీశ్రీ గేయం పూర్తిగా అచ్చు వేద్దామని, ప్రోగ్రాం మొత్తం యూట్యూబ్‌లో లైవ్ పెడదామని కరెస్పాండెంటు గారి కోరిక. ఎవరి అనుమతి తీసుకోవాలి?
– తెలుగు టీచరు, గాజువాక

జవాబు: గురజాడ 1915లో పోయారు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. ఎలా లెక్కేసినా కన్యాశుల్కం ఎప్పుడో మనందరిదీ అయిపోయింది. గిరీశాన్ని ఎవరి చేతైనా వేయించండి, ఎక్కడైనా చూపించండి. ఈ మధ్య ఎవరైనా కుదించి రాసిన రంగస్థల ప్రతి వాడుతుంటే మాత్రం, ఆ కుదింపు వారిది, వారిని అడగాలి.

శ్రీశ్రీ మన విశాఖలోనే పుట్టినా గేయాల మీద హక్కు మన ఊరికి రాలేదు. ఆయన 1983లో పోయారు కాబట్టి 2043 చివరిదాకా వారసులదో, వారు రాసిచ్చిన ప్రచురణకర్తలదో. వేదిక మీద పిల్లలు చదవడానికి, పాడటానికి అనుమతి అక్కర్లేదు. స్కూలు కార్యక్రమంలో భాగంగా పిల్లలూ టీచర్లూ ప్రదర్శించుకోవడాన్ని 52వ సెక్షన్ వదిలేసింది. సినిమా పాట రికార్డు వేసి డాన్సు చెయ్యడానికీ అంతే, కాకపోతే చూసేవాళ్లు పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రులు, స్కూలుతో సంబంధం ఉన్నవాళ్లు అయ్యుండాలి. టికెట్టు పెట్టి కళాభారతిలో ఊరందరికీ వేస్తే ఆ మినహాయింపు దొరకదు.

సావనీర్ గడప బయటి వస్తువు. గేయం మొత్తం అచ్చు వెయ్యడానికి అనుమతి కావాలి. దాని మీద మీరు ఒక వ్యాసం రాసి, విశ్లేషణకి కావలసిన నాలుగు పాదాలు ఉదహరిస్తే అక్కర్లేదు. నిజానికి పిల్లలకి అదే ఎక్కువ ఉపయోగం. యూట్యూబ్ లైవ్ కూడా బయటిదే. తల్లిదండ్రులు కూర్చున్న హాలు వేరు, లోకమంతా చూసే తెర వేరు. సినిమా పాట మొదలైన కాసేపటికే మ్యూజిక్ కంపెనీ క్లెయిము వచ్చి సౌండు పోవచ్చు, వీడియోయే పోవచ్చు. లైవ్‌లో పాటల డాన్సులు వదిలేసి గిరీశాన్ని పెట్టమని కరెస్పాండెంటు గారికి చెప్పండి.

ప్రశ్న: టెలిగ్రాంలో కోచింగ్ మెటీరియల్ గ్రూపు నడుపుతున్నా. డబ్బులు తీసుకోను, సేవ కింద చేస్తున్నా. ఇది తప్పా మేడం?
– డిగ్రీ విద్యార్థి, సీతమ్మధార

జవాబు: తప్పే తమ్ముడూ. డబ్బు తీసుకోకపోతే శిక్ష తగ్గించే అవకాశం కోర్టుకి ఉంది, నేరం మాత్రం పోదు. నీ క్లాసులో నలుగురికి నీ నోట్సు ఇచ్చుకో. వేలమందికి ఎవరిదో పుస్తకం పంచకు.

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుగా చేపల వేటకెళ్లే బోట్లలో ఐసు త్వరగా కరగకుండా ఉండే పెట్టె చేశాం, ముగ్గురు ఆడపిల్లలం. ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో పెట్టి చూస్తే బాగా పనిచేసింది. మా గైడు సారు పేటెంటుకి వేద్దామంటున్నారు గాని మొదటి పేరు తనది, రెండోది హెచ్‌ఓడీ గారిది, తర్వాత మా పేర్లట. వచ్చే వారం టెక్ ఫెస్ట్‌లో చూపించమంటున్నారు కూడా.
– మెకానికల్ విద్యార్థిని, అగనంపూడి

జవాబు: అమ్మా, ముందు టెక్ ఫెస్ట్ ఆపండి. పెట్టె లోపల ఏముందో పోస్టరు మీద రాసి అందరికీ చూపించాక పేటెంటుకి వెళ్తే ‘ఇది కొత్తదేం కాదు, లోకానికి తెలిసిపోయింది’ అని తిరగ్గొడతారు. మీరే చూపించినా సరే. పన్నెండు నెలల మినహాయింపు ఒకటి ఉందిగాని, అది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకి, విద్వత్సభల్లో చదివిన పత్రాలకి. కాలేజీ ఫెస్టు అందులోకి రాదు. హార్బర్‌లో పెట్టి చూసినప్పుడు ఎవరెవరు చూశారో, వీడియో ఎవరైనా తీసి స్టేటస్ పెట్టారో కూడా కనుక్కోండి. పరీక్ష కోసం అవసరమై వాడి చూడటానికి చట్టంలో కొంత వెసులుబాటు ఉంది, స్టేటస్‌కి లేదు.

ఫెస్టులో చూపించి తీరాలంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ వేసెయ్యండి. మన రాష్ట్రానికి చెన్నై పేటెంటు ఆఫీసు, ఆన్‌లైన్లోనే వెయ్యొచ్చు. వ్యక్తులకి ఫీజు 1,600 రూపాయలు. ఆ తేదీ మీ పేరు మీద పడిపోతుంది, పూర్తి వివరాలు పన్నెండు నెలల్లోగా ఇవ్వొచ్చు.

పేర్ల సంగతి. ఆవిష్కర్త అంటే ఆలోచనలో పాలు పంచుకున్నవాళ్లు. ‘ఐసు చుట్టూ ఈ పొర వెయ్యండి, నీరు ఇటు పోయేలా చెయ్యండి’ అని గైడు గారు చెప్పుంటే ఆయన పేరు న్యాయంగా ఉండాలి. ల్యాబు తాళం ఇప్పించి, సంతకం పెట్టడం వరకే అయితే ఉండకూడదు. హెచ్‌ఓడీ కుర్చీకి పేటెంటు చట్టంలో ఏ వాటా లేదు. పేర్ల వరసకి హక్కులో తేడా రాదుగాని, తప్పుడు పేరు పెట్టడం రేపు ఎవరైనా ఆ పేటెంటు మీద గొడవపడితే ఆయుధం అవుతుంది. ఇది గైడు గారికి వినయంగా, ఈమెయిల్లో చెప్పండి. మీ ల్యాబు రికార్డులో ఏ తేదీన ఏం మార్చారో రాసుకుని ముగ్గురూ సంతకాలు పెట్టుకోండి.

యాజమాన్యం వేరే ప్రశ్న. మీరు కాలేజీ ఉద్యోగులు కారు, ఫీజు కట్టి చదువుకుంటున్నవాళ్లు. మీరు రాసివ్వకుండా మీ ఆవిష్కరణ కాలేజీది అయిపోదు. కాలేజీ డబ్బు, పరికరాలు గణనీయంగా వాడుకుంటే ఉమ్మడిగా ఉంచుకోవాలని కేంద్రం 2019లో విద్యాసంస్థలకిచ్చిన స్టార్టప్ పాలసీ చెబుతోంది. అది మార్గదర్శకమే. అడ్మిషన్ అప్పుడు మీ నాన్నగారు పెట్టిన సంతకాల్లో ఐపీఆర్ (మేధో సంపత్తి హక్కుల) పాలసీ ఉందేమో అడిగి కాపీ తీసుకోండి.

ఇంకోటి. ఈమధ్య కాలేజీల గేటు దగ్గర బ్యానర్లు చూస్తున్నాను, ‘మా అధ్యాపకుడికి పేటెంటు’ అని శాలువాతో ఫోటో. దగ్గరికెళ్లి చదివితే అప్లికేషన్ ప్రచురితమైందని ఉంటుంది. వేసిన ప్రతి అప్లికేషనూ మామూలుగా పద్దెనిమిది నెలలకి ప్రచురితమవుతుంది, అదేం గొప్ప కాదు. పరీక్షించమని వేరేగా ఫీజు కట్టి అడగాలి, ఎగ్జామినరు అభ్యంతరాలకి జవాబు చెప్పాలి, అప్పుడు మంజూరు. ర్యాంకింగ్ మార్కుల కోసం వేసి వదిలేసే కాగితాల్లో మీ పెట్టె కలిసిపోకుండా చూసుకోండి. బోటు యజమానులు కొనే వస్తువది.

ప్రశ్న: మా బాబుకి చూపు లేదు, ఇంటర్ ఆర్ట్స్‌లో చేరాడు. పుస్తకాలన్నీ నేను చదివి ఫోన్లో రికార్డు చేస్తున్నాను. వాడి స్నేహితులు ఇద్దరు కూడా అడుగుతున్నారు. పూర్తి పుస్తకం అలా చెయ్యడం కాపీరైటు నేరమని బంధువొకరు భయపెట్టారు.
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: నేరం కాదమ్మా, నిశ్చింతగా చదవండి. 2012లో చట్టాన్ని సవరించి, చూపులేనివాళ్లు, ఇతర వైకల్యాల వల్ల మామూలు పుస్తకం చదవలేనివాళ్ల కోసం ఏ పుస్తకాన్నైనా వాళ్లకి అందే రూపంలోకి మార్చుకోవచ్చని రాశారు. బ్రెయిలీ, ఆడియో, పెద్దక్షరాలు, కంప్యూటరు చదివే ఫైలు, ఏదైనా. ఒక చాప్టరు కాదు, పూర్తి పుస్తకం. ఎవరైనా చెయ్యొచ్చు, ప్రచురణకర్త అనుమతి అడగక్కర్లేదు. బాబు స్నేహితులకి కూడా చూపు లేకపోతే వాళ్లకీ ఇవ్వొచ్చు. లాభం చూసుకోకూడదు, పెన్‌డ్రైవ్ ఖర్చు తీసుకుంటే ఫర్వాలేదు. ఇలాంటి పుస్తకాలు దేశాల మధ్య పంచుకోవడానికి జరిగిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ధ్రువీకరించింది మన దేశమే.

చూపున్నవాళ్ల గ్రూపుల్లోకి, యూట్యూబ్‌లోకి మాత్రం ఆ ఫైళ్లు పోనివ్వకండి. కాలేజీ వాళ్లు పుస్తకం పీడీఎఫ్ ఉండి కూడా కాపీరైటు పేరు చెప్పి ఇవ్వనంటే నాకు రాయండి, వాళ్లకి ఉత్తరం నేను రాస్తాను.

లైబ్రరీలో పనిచేసినదానిగా ఒక సలహా. ప్రతి పేజీ నంబరూ పైకి చదవండి, చాప్టరుకొక ఫైలు చెయ్యండి, ఫైలు పేరులోనే చాప్టరు నంబరు పెట్టండి. పటాలు, పట్టికలు వచ్చినచోట ‘ఇక్కడ పటం ఉంది’ అని వదిలెయ్యకుండా అందులో ఏముందో మీ మాటల్లో చెప్పండి. ఎకనామిక్స్ పరీక్షలో ఆ పట్టికల మీదే ప్రశ్నలొస్తాయి.